వారసుడు లేని నవాబు: మూడవ సాలార్‌జంగ్ జీవితం

హైదరాబాదులో మూసీ నది దక్షిణపు గట్టున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా ఒక పాత గడియారం ముందు జనం గుమిగూడుతారు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు, వరుసలు కట్టిన బడిపిల్లలు, పిల్లలను భుజాలకెత్తుకున్న తండ్రులు అందరి చూపులూ ఆ గడియారం మీదే ఉంటాయి. గంటకు మూడు నిమిషాల ముందు అందులోని చిన్న తలుపు తెరుచుకుని, గడ్డపు మనిషి బొమ్మ ఒకటి బయటికి వస్తుంది. వేళకు గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. పన్నెండు గంటలూ లెక్క తప్పకుండా వినాలన్న సరదాతోనే జనం ఆ వేళకు కాచుకుని ఉంటారు. మూడు వందల యాభైకి పైగా భాగాలను ఇంగ్లండులో కూర్చి తయారుచేసిన ఆ గడియారాన్ని కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ అమ్మింది.

ఆ గడియారాన్ని చూసిన లక్షలాది మందికి సాలార్‌జంగ్ అన్న పేరు ఒక మ్యూజియం పేరుగానే తెలుసు. ఆ పేరు గల మనిషి ఎవరు, ఎలా బ్రతికాడు, ఇన్ని వస్తువులు కొనడానికి ధనం ఎక్కడిది, ఆయన పోయాక అవి చెల్లాచెదురు కాకుండా ఎలా నిలిచాయి అన్నది తెలిసినవారు తక్కువ. ఆ కథ హైదరాబాదు గోడల లోపల ముగిసేది కాదు. కర్ణాటకలోని కొప్పళ, యలబుర్గ ప్రాంతాలకూ, మహారాష్ట్రలోని అజంతాకూ అందులో భాగముంది.

దివానుల వంశం

సాలార్‌జంగ్ అన్నది బిరుదు. ఆ బిరుదుతో ప్రసిద్ధులైనవారు ఒకే వంశంలో ముగ్గురు. మొదటివాడు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో జన్మించి, 1853లో ఇరవై నాలుగేళ్ల వయసులో నిజాం రాజ్యానికి దివాన్ అయ్యాడు. ఆయన పదవి చేపట్టడానికి కొద్ది రోజుల ముందే, సైనిక వ్యయం కింద పేరుకున్న బాకీల పేరిట బీరారు ప్రాంతం ఇంగ్లీషువారి ఆధీనంలోకి పోయింది. ఖజానా ఖాళీగా ఉంది. శిస్తు వసూలు గుత్తేదారుల చేతుల్లో ఉంది. తురాబ్ అలీ ఖాన్ ముప్పై ఏళ్ల పాటు ఆ పదవిలో ఉండి రెవెన్యూ పాలనను జిల్లాలుగా విభజించాడు, న్యాయస్థానాలను, పోలీసు శాఖను సంస్కరించాడు. 1857 తిరుగుబాటు కాలంలో ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడన్న విమర్శ ఆయన మీద ఉంది. దానికి ప్రతిఫలంగానే 1860లో రాయచూరు దోఆబ్, నల్దుర్గం ప్రాంతాలు నిజాంకు తిరిగి దక్కాయి. బీరారును మాత్రం ఆయన ఎంత ప్రయత్నించినా తిరిగి తేలేకపోయాడు. 1883లో కలరా సోకి మరణించాడు.

ఆయన 1876లో ఐరోపా యాత్ర చేశాడు. ఆ యాత్రలో రోము నగరంలో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి విగ్రహాన్ని కొన్నాడు. మేలిముసుగులోని రెబెకాగా ఆ శిల్పం నేడు లోకప్రసిద్ధం. అంటే మనవడి పేరుతో వెలసిన మ్యూజియంలో అందరూ ముందుగా వెతికే శిల్పాన్ని ఆ ఇంటికి తెచ్చింది తాతగారు.

రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయఖ్ అలీ ఖాన్ 1884 నుంచి 1887 వరకు దివాన్‌గా ఉండి, 1889 జూలైలో ముప్పై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశాడు. అంతకు నెల రోజుల లోపు, 1889 జూన్ 13న, పుణెలో ఆయనకు కుమారుడు పుట్టాడు. ఆ శిశువే మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్. తండ్రి ముఖం ఎరుగని ఆ బిడ్డకు పేరు, బిరుదు, విశాలమైన జాగీరు, మూసీకి దక్షిణాన దివాన్ దేవిడీ అనే పెద్ద భవనాల సముదాయం వారసత్వంగా వచ్చాయి. వాటిని పంచుకోవడానికి అన్నదమ్ములు లేరు.

రెండేళ్ల పదవి

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ బాలుని ఆదరించాడు. యూసుఫ్ అలీ ఖాన్ నిజాం కళాశాలలో చదువుకున్నాడు. అరబ్బీ, పారశీకం, ఉర్దూలతో పాటు ఇంగ్లీషు నేర్చాడు. 1911లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. మరుసటి ఏడు మహారాజా కిషన్ ప్రసాద్ స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్‌ను ప్రధానమంత్రిగా నియమించాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడేళ్లు. తాతగారు దివాన్ అయిన వయసు కంటే ఒక ఏడాది తక్కువ.

ఆయన పదవిలో ఉన్న రోజుల్లో హైదరాబాదు రూపురేఖలు మారుతున్నాయి. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తర్వాత, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద నివారణకు జలాశయాల పని ఆరంభమైంది. 1914లో రాజ్యానికి ఒక పురావస్తు శాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దానికి అధిపతి అయ్యాడు. అజంతా, ఎల్లోరా గుహలను సంరక్షించే బాధ్యత ఆ శాఖ మీద పడింది.

కాని యువ ప్రధాని పదవిలో ఎక్కువ కాలం నిలవలేదు. నిజాంతో అభిప్రాయ భేదాలు పెరిగి 1914 నవంబరులో ఆయన ప్రధాని పదవిని వదులుకున్నాడు. ఆ తర్వాత నిజాం కొన్నేళ్ల పాటు ప్రధానమంత్రి లేకుండా స్వయంగానే పాలన సాగించాడు. ఇరవై అయిదేళ్ల వయసులో, మూడు తరాల ఆనవాయితీ అయిన దివాన్‌గిరీ యూసుఫ్ అలీ ఖాన్ జీవితంలో ముగిసిపోయింది. ఆయన తిరిగి ఆ పదవిని చేపట్టలేదు. వివాహం కూడా చేసుకోలేదు.

దేవిడీలోకి తరలివచ్చిన లోకం

ఆ తర్వాతి ముప్పై అయిదేళ్లు ఆయన చేసినది ఒకే పని. వస్తువులను సేకరించాడు. ఐరోపాకు, పశ్చిమాసియా దేశాలకు యాత్రలు చేసి కొన్నాడు. వెళ్లలేనప్పుడు విదేశాల్లోని వర్తకుల ద్వారా తెప్పించుకున్నాడు. నవాబుగారు కొంటారన్న మాట వ్యాపార వర్గాల్లో పాకి, దేశం నలుమూలల నుంచి వర్తకులు మూటలు, పెట్టెలు మోసుకుని దివాన్ దేవిడీ గుమ్మం ముందు నిలిచేవారు.

ఒక వస్తువుకే, ఒక దేశానికే ఆయన అభిరుచి పరిమితం కాలేదు. చైనా, జపాను పింగాణీ పాత్రలు, పారశీక తివాచీలు, ఫ్రెంచి కుర్చీలు, మొగలాయి కత్తులు, దక్కనీ సూక్ష్మచిత్రాలు, రాజా రవివర్మ తైలవర్ణ చిత్రాలు, దంతపు పనులు, గడియారాలు, చేతికర్రలు, పిల్లల ఆటబొమ్మలు అన్నీ ఆ ఇంటికి చేరాయి. పచ్చరాయి వంటి జేడ్ శిలతో చేసిన వస్తువులు ఒక గది నిండాయి. వాటిలో జహంగీరుదని, నూర్జహానుదని చెప్పే బాకులు, చాకులు ఉన్నాయి. ఫ్రెంచి రాజు పదహారవ లూయీ టిప్పు సుల్తానుకు బహూకరించినవని ప్రసిద్ధి పొందిన దంతపు కుర్చీలూ ఉన్నాయి. బీదరు కంసాలులు యశదం, రాగి కలిపిన పోతపై వెండి తీగెలు పొదిగి, బీదరు కోట మట్టితో నలుపు తేల్చిన పాత్రలు, హుక్కా బుడ్లు కూడా ఆయన ఏరికోరి కొన్నవాటిలో ఉన్నాయి.

పుస్తకాల మీద ఆయనకున్న మక్కువ వీటికి తీసిపోయేది కాదు. తాతతండ్రుల నాటి గ్రంథాలయాన్ని ఆయన ఎన్నో రెట్లు పెంచాడు. అరబ్బీ, పారశీక, ఉర్దూ వ్రాతప్రతులు వేల సంఖ్యలో చేరాయి. కవులు, పండితులు ఆయన చుట్టూ చేరారు. గ్రంథాల అచ్చుకు ఆయన ధనసహాయం చేశాడు.

కొన్నవన్నీ అమూల్యమైనవి కావు. సేకరించే ఆతురతలో అసలు, నకలు రెండూ వచ్చి చేరాయి. ఐరోపా కళాఖండాల్లో ప్రసిద్ధ చిత్రాలకు ప్రతులూ కనిపిస్తాయి. రెబెకా శిల్పాన్నే బెంజోనీ పలుమార్లు చెక్కాడు. అటువంటివి మరికొన్ని అమెరికా మ్యూజియాల్లో ఉన్నాయి. గొప్ప పండితుడు తూచి తూచి ఎంచిన సంగ్రహం వలె కాక, చూసిన ప్రతిదానికీ మనసు పడ్డ మనిషి ఇంటి వలె ఆ సంగ్రహం ఉంటుంది. సామాన్య ప్రేక్షకునికి అది అంతగా దగ్గర కావడానికి కారణమూ అదే కావచ్చు. ఒక గదిలో కత్తులు చూసి విసిగిన పిల్లవాడికి పక్క గదిలో బొమ్మలు దొరుకుతాయి.

ఆ ధనం ఎక్కడిది?

ఈ వైభవం వెనుక ఉన్న ఆదాయం దేవిడీలో పుట్టలేదు. సాలార్‌జంగ్ వంశానికి నిజాం రాజ్యంలోని పెద్ద జాగీర్లలో ఒకటి ఉండేది. నేటి కర్ణాటకలోని కొప్పళ, యలబుర్గ, నేటి తెలంగాణలోని కోస్గి, నేటి మహారాష్ట్రలోని అజంతా అందులో చేరినవే. గుహలకు తన పేరునిచ్చిన అజంతా గ్రామం సాలార్‌జంగుల జాగీరు గ్రామం. కన్నడం, మరాఠీ, తెలుగు మాట్లాడే రైతులు జొన్న, పత్తి పండించి కట్టిన శిస్తు ఆ జాగీరు కచేరీల గుండా హైదరాబాదు చేరేది.

కొప్పళ ప్రాంతం వర్షాధారపు నేల. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి కాలువలు పారిన తర్వాతే ఆ చుట్టుపట్ల గంగావతి, సింధనూరు ప్రాంతాలు వరిమాగాణులయ్యాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతుల క్యాంపులు వెలసిందీ ఆ తర్వాతే. జాగీరు కాలంలో అక్కడి రైతుకు వాననీరు తప్ప మరో ఆధారం అరుదు. కరువు పొంచి ఉండే ఆ సీమలో పోగైన శిస్తు ఫ్రెంచి అద్దాలుగా, చైనా కలశాలుగా మారింది. రైతు కట్టిన దానిలో ఎంత భాగం ఆ రైతు ఊరికే చెరువుగానో, బడిగానో తిరిగి వెళ్లింది అన్న ప్రశ్నను ఆనాటి జాగీర్లలో దేనినైనా అడగవలసిందే. సాలార్‌జంగ్ జీవితాన్ని చెప్పేటప్పుడు ఆయన అభిరుచిని మెచ్చుకుని ఈ ప్రశ్నను దాటవేస్తే ఆ కథ సగమే అవుతుంది.

అయితే ఆనాటి జాగీర్దారులు, సంస్థానాధీశులు అనేకులు అదే ధనాన్ని వేటలకు, విందులకు, గుర్రప్పందేలకు వెచ్చించారు. వారి వైభవం వారితోనే ముగిసింది. యూసుఫ్ అలీ ఖాన్ వెచ్చించిన ధనం మాత్రం వస్తురూపంలో నిలిచి ఉంది. ఆ తేడా ఆయన బ్రతికి ఉండగా ఎవరికీ పెద్దగా కనిపించి ఉండదు. ఆయన మరణం తర్వాతనే దాని విలువ తెలిసింది.

1949: తెగిపోబోయిన దారం

1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశంతో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. ఆరు నెలలు గడవకముందే, 1949 మార్చి 2న, మూడవ సాలార్‌జంగ్ తన అరవయ్యవ ఏట మరణించాడు. ఆయనకు సంతానం లేదు. దివాన్ దేవిడీ గదులన్నీ వస్తువులతో నిండి ఉన్నాయి. ఆ సంపద ఎవరిదన్న ప్రశ్న తలెత్తింది. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాదులో జాగీర్లు రద్దయ్యాయి. ఇన్నాళ్లూ ఆ ఇంటిని పోషించిన ఆదాయమార్గం యజమాని పోయిన అయిదారు నెలలకే మూతపడింది.

అటువంటి స్థితిలో దేశంలోని ఎన్నో సంస్థానాల సంపద ఏమైందో తెలిసినదే. దాయాదులు పంచుకోవడం, వ్యాజ్యాలలో ఏళ్ల తరబడి మూలుగడం, వేలంపాటలో ముక్కలై విదేశాలకు తరలిపోవడం ఆనాటి సాధారణ గతి. సాలార్‌జంగ్ సంగ్రహానికీ అదే గతి పట్టడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. దగ్గరి బంధువులు వారసత్వ హక్కు కోరారు. ప్రభుత్వం ఎస్టేటు నిర్వహణకు ఒక కమిటీని నియమించింది.

ఆ సమయంలో హైదరాబాదు పాలనా బాధ్యతలు వహిస్తున్న ఎం.కె. వెల్లోడి ఆ వస్తువులను ఒకచోట ప్రదర్శించి మ్యూజియంగా మార్చాలని సంకల్పించాడు. ఐర్లండులో పుట్టి భారతదేశంలో స్థిరపడిన కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు వస్తువులను క్రమపరిచే పని అప్పగించాడు. నివాసగృహంలో ఇష్టానుసారం పేర్చి ఉన్న వస్తువులను జాతులవారీగా విడదీసి, గదులవారీగా అమర్చారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే ప్రధాని జవహర్లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. ఒకప్పుడు అనుమతి లేనిదే కాలు పెట్టలేని దేవిడీలోకి ఆ రోజు నుంచి సామాన్య జనం ప్రవేశించారు.

వారసత్వ వివాదం తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. చివరకు 1958లో వారసులు రాజీకి వచ్చారు. ఉన్నత న్యాయస్థానం డిక్రీ ద్వారా సంగ్రహం మొత్తం భారత ప్రభుత్వానికి దక్కింది. 1961లో పార్లమెంటు ఆ ఏటి 26వ చట్టంగా సాలార్‌జంగ్ మ్యూజియం చట్టాన్ని చేసి, దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. రాష్ట్ర గవర్నరు అధ్యక్షతన ధర్మకర్తల మండలి ఏర్పడింది. 1968లో మ్యూజియం మూసీ గట్టున కట్టిన నేటి భవనానికి మారింది. 2000లో దానికి ఇరుపక్కలా తూర్పు, పడమటి భవనాలు చేరాయి. వాటికి మొదటి, రెండవ సాలార్‌జంగుల పేర్లు పెట్టారు. ఆ విధంగా తాత, తండ్రి, కుమారుడు ముగ్గురూ మళ్లీ ఒకే ఆవరణలో చేరారు.

పాత దివాన్ దేవిడీ మాత్రం అంత అదృష్టానికి నోచుకోలేదు. చార్మినార్ నుంచి పత్థర్‌గట్టీ మీదుగా మూసీ వైపు నడిచేవారికి ఆనాటి ద్వారాలు కనిపిస్తాయి. వాటి వెనుక ఉండవలసిన భవనాల స్థానంలో అంగళ్లు వెలిశాయి. వస్తువులు నిలిచాయి, వాటిని దాచిన ఇల్లు నిలవలేదు.

చూడవచ్చేవారికి

నేడు మ్యూజియంలో 39 ప్రదర్శన శాలలు ఉన్నాయి. కళావస్తువులు సుమారు 46 వేలు, వ్రాతప్రతులు 8 వేలు, అచ్చు పుస్తకాలు 60 వేల వరకు ఉన్నట్లు అంచనా. ప్రదర్శనలో ఉన్నది అందులో కొంత భాగమే. శుక్రవారం మ్యూజియానికి సెలవు. హైదరాబాదులో ఒక్కరోజే ఉండగలిగిన కుటుంబాలు సాధారణంగా ఉదయం చార్మినార్ చూసుకుని, మధ్యాహ్నం గడియారం వేళకు ఇక్కడికి చేరి, రెబెకా ముందు నిలిచి, రెండు గంటల్లో బయటపడతాయి. అది కళ్లు నింపుకోవడానికి సరిపోవచ్చు. శ్రద్ధగా చూడాలంటే ఒక రోజు పూర్తిగా కేటాయించవలసిందే.

రెబెకాను చూసేవారు ముఖం మీది ముసుగు దగ్గర ఆగాలి. ముసుగు రాయే, లోపలి ముఖమూ రాయే. అయినా వస్త్రం పలుచగా, ముఖం దాని వెనుకగా తోస్తుంది. మరొక శాలలో ఒకే కొయ్య దుంగలో రెండు వైపులా చెక్కిన విగ్రహం ఉంది. ముందువైపు గర్వంగా నిలిచిన మెఫిస్టోఫిలిస్, వెనుకవైపు తల వంచిన మార్గరెట్టా. వెనుక అమర్చిన అద్దం వల్ల ఇద్దరూ ఒకేసారి కనబడతారు. జర్మను కవి గోథే రచించిన ఫౌస్ట్ నాటకంలోని పాత్రలు అవి. ఆ కథ తెలియని పిల్లలు కూడా అద్దంలోకి, కొయ్యలోకి మార్చి మార్చి చూసి ఆనందిస్తారు. జనం పలుచగా ఉండే బిద్రీ శాలను, వ్రాతప్రతుల విభాగాన్ని సరిహద్దు ప్రాంతాల నుంచి వచ్చేవారు విడిచిపెట్టకూడదు. వాటిలో దక్కను పనితనమే ఉంది.

ఈ మ్యూజియం అంతా ఒకే వ్యక్తి సేకరణ అన్న మాట ప్రచారంలో ఉంది. అది పూర్తిగా నిజం కాదు. తాత కొన్నవి, తండ్రి దాచినవి, యూసుఫ్ అలీ ఖాన్ సేకరించినవి కలిస్తేనే ఈ సంపద. అధిక భాగం మూడవ వానిదే కనుక ఆ కీర్తి ఆయనకు దక్కింది. ఆ కీర్తిలో మరికొందరికి కూడా వాటా ఉంది. వస్తువులను చెదరనివ్వని పాలకులు, రాజీకి అంగీకరించిన వారసులు, గదులు సర్దిన కళాకోవిదుడు, వీరందరికీ ముందు శిస్తు కట్టిన రైతులు ఆ వాటాదారులు.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ జాగీరు గ్రామాలు మూడు వైపులకు విడిపోయాయి. కొప్పళ, యలబుర్గ మైసూరు రాష్ట్రంలోకి, అజంతా బొంబాయి రాష్ట్రంలోకి, కోస్గి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2014 నుంచి కోస్గి తెలంగాణలో ఉంది. ఆ గ్రామాల ఆదాయంతో కొన్న వస్తువులు మాత్రం విడిపోలేదు. కొప్పళ నుంచో, అజంతా నుంచో, కోస్గి నుంచో హైదరాబాదు చూడవచ్చిన రైతు కుటుంబం టిక్కెట్టు కొని ఆ శాలల్లో నడుస్తున్నప్పుడు, పరాయి నవాబు ఐశ్వర్యాన్ని చూస్తున్నామనుకోవచ్చు. ఆ ఐశ్వర్యానికి మూలధనం వారి తాతముత్తాతల చేలలో పండింది. పెళ్లి లేక, బిడ్డలు లేక పోయిన మూడవ సాలార్‌జంగ్ ఇంటికి చివరకు వారే వారసులయ్యారు. పన్నెండు గంటల వేళ గడియారం ముందు నేల మీద చతికిలబడిన పిల్లలు వారి బిడ్డలే.